గోడలు లేని మడి

మా యారాలు పోయిందన్న కబురు శ్రీరాంపూర్‌లో మా ఇంటికి పొద్దున్నే వచ్చింది. బట్టల మూటతో ఊరూరా తిరిగే సాయిబు, చెన్నూరులో మా అత్తగారి వాడకట్టు మనిషి, మొదటి బస్సు దిగి నేరుగా మా గుమ్మం ముందుకు వచ్చాడు. భుజం మీది మూటైనా దించలేదు.

"చెల్లె, జర దిల్ గట్టిగ చేసుకో. మీ అక్క పోయింది. నిన్న మాపటీలి చెట్లకు నీళ్ళు పోసుకుంట పోసుకుంట కూలవడ్డది. మంది ఉరికొచ్చేటాల్లకే పాణం పోయింది."

"యాడ? ఇంట్లనా, మడిలనా?" అని అడిగాను.

"మడిలనే, గోదారి ఒడ్డుకు."

ఏడుపు ఆ తర్వాత వచ్చింది. చావు కబురు తెచ్చిన మనిషిని ముందు ఆ మాట ఎందుకడిగానో ఆయనకు అర్థమై ఉండదు. చదివేవాళ్ళకు చెబుదామనే ఇది రాస్తున్నాను.

యారాలంటే తోడికోడలు, మా దిక్కు మాట. పెద్దది కాబట్టి నేను అక్కా అని పిలిచేదాన్ని. మాది మగ్గాల ఇల్లు. ముందు అర్రలో మగ్గం, వెనక వంట, నడుమ నాలుగు మట్టిగోడల వాకిలి. నేను కోడలిగా వచ్చేటప్పటికే మా బావ, అంటే అక్క పెనిమిటి, భీవండి బట్టల మిల్లులకు పోయి ఉన్నాడు. మొదట్లో దసరాకు వచ్చేవాడట. తర్వాత రావడం మానేశాడు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడనీ, పిల్లలు కూడా ఉన్నారనీ ఊరందరికీ తెలుసు, మా ఇంట్లోనూ తెలుసు. మా అత్త ఒక్కతే తెలియనట్టు నడిపించేది.

"నా కొడుకు ఏ బస్సుకన్న దిగుతడు. నా పెండ్లాం ఏదే అవ్వా అంటే నేనేం జెప్పాలె? ఇంట్ల ఉండాలె గదా!"

ఈ ఒక్క మాటతో అత్త ఆమెను ఇంట్లో కట్టేసింది. అక్క నూలు కండెలు చుట్టేది, వండేది, వాకిలి ఊడ్చేది. అంగడికి లేదు, జాతరకు లేదు, పేరంటానికి లేదు. పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలుకు, గంజి పెట్టే రోజున మాత్రం ఇంటి ముందుకు వచ్చి, మాతో పాటు నూలు సవరించి, పని కాగానే లోపలికి పోయేది. పోదామన్నా తల్లిగారి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఆ వాకిట్లోనే ఆమె టమాటలు పండించింది. పగిలిన రంగు కాగులు, చిల్లుపడ్డ గోలెం, మూతి ఊడిన కడవ, ఏదీ పారేయనిచ్చేది కాదు. మామ అంగడి నుంచి తెచ్చిన కూరగాయల్లో మెత్తబడ్డ టమాట కనిపిస్తే అది ఆమె వాటా. గింజలు బూడిదలో దొర్లించి ఆరబెట్టి, కాగుల్లో నాటేది. పక్కనే నాలుగు వంకాయ మొక్కలు, ఇంత పుంటికూర, గోడ మీదికి పాకించిన బీర తీగ. పడుగుకు పెట్టగా మిగిలిన గంజిని పలుచన చేసి వాటికే పోసేది. మనుషులకు కూడా ఇంత గంజి దొరకని రోజులవి.

గోడలు ఎత్తు కాబట్టి వాకిట్లో ఎండ ఒక్క చోట నిలిచేది కాదు. పొద్దున పడమటి గోడ కింద ఉన్న కుండలు సాయంత్రానికి తూర్పు గోడ కిందికి చేరేవి. ఒక్కొక్కటే కాలితో నెట్టుకుంటూ, నడుం పట్టుకుంటూ జరిపేది.

"నీకంటే నీ చెట్లే ఎక్కువ తిరుగుతున్నయి కదక్కా" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"తిరగనియ్యి చెల్లె. మా ఇంట్ల ఎవలన్న తిరగాలె గదా" అని తనూ నవ్వింది.

మెత్తని మనిషని అనుకోకండి. పండని కాయ తెంపితే చేతిమీద ఒక్కటి వేసేది. కాకిని తిట్టే తిట్లు విని గోడ అవతలి వాళ్ళు తమనే అనుకుని తగువుకు వచ్చారు. టమాట తొక్కు నూరితే మా అత్త "ఇంత పులుపేందే, పండ్లు జివ్వుమంటున్నయి" అంటూనే రెండోసారి వడ్డించుకునేది. అప్పుడు అక్క మూతి తిప్పి నా వంక చూసేది. ఆ చూపు కోసమే నేను అత్త పక్కన కూర్చుని తినేదాన్ని.

ఒకనాడు మేక దూకి ఒక కాగు పగిలింది. మట్టి విచ్చిపోయి వేళ్ళు బయటపడ్డాయి. కాగు లోపలి గోడ పట్టుకుని చుట్లు చుట్లుగా తిరిగి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అక్క వాటిని వేళ్ళతో విడదీయబోయి ఆగింది.

"తొవ్వ దొరుకక సుట్టే తిరిగింది, సూడు. అయినా కాయ కాసింది ముండ" అంది. విడదీయకుండానే వాటి మీద మట్టి కప్పింది. తర్వాత మెల్లగా, "నాకు గోదారి ఒడ్డుకు ఒక మడి వెట్టుకోవాల్నని ఉన్నది చెల్లె" అంది. ఆమె నోట ఫలానాది కావాలన్న మాట నేను విన్నది అదే మొదలు.

వానలు వెనకబట్టి గోదావరి తగ్గినాక, ఒడ్డున ఒండ్రు తేలుతుంది. దీపావళి పోయాక ఊరి పెద్దమనుషులు దాన్ని మడులుగా పంచుతారు. కూరగాయలు పెట్టుకునే వాళ్ళకు, మళ్ళీ వరద వచ్చేదాకా. దానికొక కట్టుబాటు ఉంది. మడి కావాలన్న వాళ్ళే స్వయంగా వచ్చి, ఆ మట్టిలో నిలబడి, తమ చేత్తో కట్టె పాతాలి. ఒకరి కోసం ఇంకొకరు పాతితే చెల్లదు. నేను పాతి ఇవ్వలేను, మామ పాతి ఇవ్వలేడు. అక్కే గడప దాటాలి.

ఏటా దీపావళి పోగానే అక్క అడిగేది. అత్త ఏటా అదే జవాబు చెప్పేది. మామ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, ఇటు మాట అటు మాట వింటూ దగ్గేవాడు. ఆ దగ్గు మీద నాకు ఇప్పటికీ కోపమే. పెద్దమనిషి ఒక్కసారి నోరు తెరిచి "పోనియ్యవే" అని ఉంటే ఏమయ్యేది?

ఒక వానాకాలం చివర అక్కకు చలిజ్వరం పట్టింది. దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు. ఆ వణుకులోనే "చెట్లు, చెట్లు" అని కలవరించింది. ఎన్నడూ వాటి వంక చూడని మా అత్త, ఆ మాట విని లేచింది. కోడలు ఎప్పుడూ పోసేదే కదా అని మగ్గం అర్రలో మిగిలిన గంజి తెచ్చి, ఒక్క కుండ విడవకుండా కడుపునిండా పోసింది.

వానాకాలంలో నూలుకు బూజు పట్టకుండా మామ గంజిలో మైలుతుత్తం కలిపేవాడు. ఆ నెలల్లో అక్క చెట్లకు గంజి పోసేది కాదు, ఉత్త నీళ్ళే పోసేది. పెళ్ళయిన నాటి నుంచీ గంజి కాచిన అత్తకు ఆ తుత్తం సంగతి తెలియక కాదు. అది చెట్టును చంపుతుందని తెలియదు. ఒకటి రెండు రోజుల్లో ఆకులు మాడి ముడుచుకుపోయాయి. అక్క జ్వరం దిగి గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి ఒక్క మొక్క లేదు.

అత్త స్తంభానికి ఆనుకుని నిలబడింది. "చెట్లకు పాణం పోద్దామనుకున్న బిడ్డా. గంజే గదా అనుకున్న. నీ తోడు, నాకు ఎరుక లేదు."

అక్క తిట్టలేదు, ఏడవలేదు. చచ్చిన మొక్కలు ఒక్కొక్కటే పీకి మూలకు వేసింది. ఆఖరి కుండ ఖాళీ అయ్యాక చేతులు దులుపుకుని అంది.

"అత్తా, నీ కొడుకు రాడు. నీకెరుకే, నాకెరుకే. ఇన్నేండ్లు గీ చెట్లను చూసుకుంట ఉన్న. ఇప్పుడు ఇవి గూడ లెవ్వు. దీపావళి ఎల్లంగనే నేను మడికి పోత."

అత్త మూలన పడ్డ మొక్కలను చీపురుతో ఒక దగ్గరికి చేసింది. "ముండ్లుంటయి. మీ మామ చెప్పులేసుకొని పో" అంది చివరికి.

మడులు పంచే రోజు అక్కతో నేనే వెళ్ళాను. మామ చెప్పులు ఆమె కాళ్ళకు పెద్దవి, టపటపా కొట్టుకున్నాయి. వాడకట్టు దాటేదాకా ఇళ్ళ గోడల పక్కనే నడిచింది, ఒక చేయి గోడకు రాసుకుంటూ. ఒడ్డు దిగాక గోడలు లేవు. ఎటు చూసినా ఇసుక, ఒండ్రు, దూరంగా నీళ్ళు. అక్క నిలబడిపోయింది. పట్టుకోవడానికి ఏమీ దొరకక ఆమె చేయి నా భుజం మీదికి వచ్చింది. గోళ్ళు దిగేంత గట్టిగా పట్టుకుంది. ఒక పెద్దమనిషి "ఎవలది మడి? ఎవలు పాతుతరు?" అని కేకేశాడు. అక్క నా భుజం వదిలి, కట్టె తీసుకుని, ఒంగి పాతింది.

ఆ తర్వాత నా పెనిమిటికి బొగ్గుబాయిలో పని దొరికి మేము శ్రీరాంపూర్ వచ్చేశాం. సాయిబు బట్టల మూటలో దాచి అక్క టమాటలు పంపేది. ఒకసారి అవి చితికి ఆయన తెల్ల ధోవతులు ఎర్రబడ్డాయి. అయినా మళ్ళీ తెచ్చాడు. నేను చెన్నూరు వెళ్ళినప్పుడు ఇంట్లో అక్క ఉండేది కాదు. "మడికి పోయింది" అని అత్త విసుగ్గా చెప్పేది. ఆ మాట వినడానికే నేను ఇంటి మీదుగా వెళ్ళేదాన్ని, లేకపోతే నేరుగా ఒడ్డుకే పోవచ్చు. ఆ సంబురం రెండు చలికాలాలే సాగింది.

నేను చేరేసరికి అంతా అయిపోయింది. మూడో నాడు పిట్టకు పెట్టడానికి ఒడ్డుకు పోయాం. అన్నం, పప్పు, అక్క మడిలో కాసిన టమాటల తొక్కు విస్తరిలో పెట్టి దూరం జరిగాం. కాకి ముట్టింది. అందరూ లేచి ఇంటి దారి పట్టారు. అత్త మడి వైపు నడిచింది. నేను వెంట పోయాను.

మడిలో ఎర్రగా పండిన కాయలు తెంపేవాళ్ళు లేక వేలాడుతున్నాయి. ఆకులు వాడి ఉన్నాయి. అత్త కొంగు నడుముకు చెక్కి, అక్క ఇసుకలో తవ్వుకున్న చెలిమె దగ్గర కూర్చుని, చెంబుతో నీళ్ళు తోడి ఒక చెట్టు మొదట్లో పోసింది. ఇంకో చెంబు పోయబోయి, చేయి గాల్లోనే ఆపి, నా వంక చూసింది.

"సాలా బిడ్డా? ఇంక పొయ్యాల్నా?"

నాకు తెలియదు. నా జన్మలో ఒక్క మొక్క పెంచినదాన్ని కాను. ఎవరినడగాలో ఇద్దరికీ తెలుసు, అడగడానికి మనిషి లేదు. తల ఊపాను. దాన్ని ఆమె ఏమనుకుందో, చెంబు మెల్లగా వంచింది. పక్క చెట్టు కోసం చెలిమెలో మళ్ళీ ముంచబోతే అడుగున ఇసుక తగిలింది. నీళ్ళు ఊరేదాకా అత్త ఆ చెలిమెలోకి చూస్తూ ఎండలో కూర్చుంది.