ఖాళీ బండి

తుక్కుగూడ సూపర్ మార్కెట్లో పండ్ల వరుస దగ్గరికి రాగానే మగ్గిన సీతాఫలాల వాసన ముక్కుకు తగిలింది. చేతిలో ఉన్నది ట్రాలీయే అయినా, అమ్మ తోపుడు బండిని పట్టుకున్నట్టే అనిపించింది.

మా ఇబ్రహీంపట్నం గుట్టల మీద తంగేడు పూసి, పిల్లలందరం బతుకమ్మ పూలకు తిరిగే రోజుల్లోనే సీతాఫలాలూ పక్వానికొచ్చి కండ్లు తెరిచేవి. అమ్మ వాటిని గడ్డిలో మాగబెట్టి, నాలుగు గంపలు బండికెత్తి, పొద్దున్నే బస్టాండుకు తోసుకుపోతుంటే, పదేళ్ల నేను వెనక భుజం ఆనించి, పాదాలు మట్టిలో తన్నిపెట్టి, ముక్కుతూ మూలుగుతూ సాయం పట్టేదాన్ని. ఎంత తోసినా బండి మెల్లగానే కదిలేది. అయినా నా అంత పనిమంతురాలు ఊళ్లో లేదని మురిసిపోయేదాన్ని.

ఒక సాయంత్రం సరుకంతా అమ్ముడుపోయింది. అమ్మ ఎవరితోనో మాట్లాడుతూ వెనక ఆగింది. నాలుగేళ్ల నా చెల్లెలు స్వరూప మిగిలిన ఒక్క పండూ తింటూ, కాళ్లూపుకుంటూ ఖాళీ బండి మీద కూర్చుంది. నేను అలవాటుగా భుజం ఆనించి, పొద్దుటిలాగే ఉన్న బలమంతా పెట్టి తోశాను. బండి నా చేతుల్లోంచి జారి దూసుకెళ్లి రాయికి కొట్టుకుంది. స్వరూప ఎగిరి బోర్లా పడింది, పెదవి కింద గదవ చీలింది. దవాఖానలో కుట్లు వేస్తుంటే అది ఏడ్చిన ఏడుపు నన్ను చాలా ఏళ్లు వదల్లేదు.

అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఇక బండి ముట్టనని నేను మొండికేస్తే, మర్నాడు బస్టాండులో గంపలన్నీ దించి, నా చేతులు తనే తీసి బండి మీద పెట్టింది. నాలుగు వేళ్లు ఆనించగానే అది కదిలింది.

"నీ జోరు తప్పు గాదు బిడ్డా. బరువు దిగినంక జోరు గూడ దించాలె," అన్నది.

తొమ్మిదో తరగతిలో సారు బోర్డు మీద బలం, ద్రవ్యరాశి, త్వరణం అని రాసి, అదే బలానికి ద్రవ్యరాశి తగ్గితే త్వరణం పెరుగుతుందని చెప్పినప్పుడు క్లాసంతా నోట్సులో ఎక్కించుకుంది. నాకు చెల్లెలి గదవ కళ్ల ముందు మెదిలి, ఆ పూట ఏమీ రాయలేకపోయాను.

ఇప్పుడు ఆ గుట్టలు ప్లాట్లయ్యాయి. బండి ఎప్పుడో పాత ఇనుప సామానుకు పోయింది. ఆ సాయంత్రం గురించి నేనెప్పుడు క్షమాపణ చెప్పబోయినా, "నాకేం యాదికి లేదక్కా" అని స్వరూప నవ్వేస్తుంది.

ఇవాళ నాతో మార్కెట్‌కు వచ్చిన స్వరూప తన కొడుకును ఈ ఖాళీ ట్రాలీలో కూర్చోబెట్టింది. నేను నాలుగు వేళ్లే ఆనించాను. వాడితో కబుర్లు ఆపకుండానే, తను ట్రాలీ ముందు అంచును గట్టిగా పట్టుకుంది.