అవ్వ సినిమాకు అన్న పాటలు

ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ మా అన్న మీద ఒళ్లు మండుతుంది...

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో సంగతి. మాది జడ్చర్ల. నేను ఏడో తరగతి, అన్న హైదరాబాద్‌లో ఇంటర్. వేసవి సెలవులకు వస్తూ వస్తూ ఒక పిచ్చిని వెంటబెట్టుకొచ్చాడు. సినిమాలో పేర్లు పడగానే టీవీ సౌండ్ తీసేసి, ఫలానా ఇంగ్లీషు రాక్ ఆల్బమ్ పెడితే... పాట సినిమాకు అచ్చం సరిపోతుందట! హాస్టల్లో ఎవడో చెప్పాడట. ఏ సినిమాకో మాత్రం అడగలేదు ఈ మహానుభావుడు.

"ఏ సిన్మా అయినా గంతేనే," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మా లోకల్ కేబుల్‌లో పౌరాణికం వేసేవారు. ఆ సినిమా మా అవ్వది. అప్పటికే ఆమె కళ్లలో శుక్లాలు ముదిరిపోయాయి. ఎండలు తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు దవాఖానలో. గోడకు ఆనుకుని, పద్యం వచ్చినప్పుడల్లా తనూ పెదవులు కదుపుతూ కూర్చునేది.

అన్న రిమోట్ నా చేతికిచ్చాడు. నేను సౌండ్ తీసేశాను. స్పీకర్‌లో గిటార్లు మొదలయ్యాయి.

"ఏందిరా గీ లొల్లి?" అంది అవ్వ.

"జర ఆగవ్వా, ఒక్కసారే!"

తెర మీద రాజుగారు గద ఎత్తాడు... సరిగ్గా అప్పుడే డ్రమ్ము ధన్‌మంది! అన్న మంచం మీంచి దూకాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అరిచాను. అంతలో బట్టల దుకాణం ప్రకటన వచ్చిపడింది. సినిమా ఆగింది, పాట ఆగలేదు. ప్రకటన అయ్యాక చూస్తే తెర మీద రాణి గుండెలు బాదుకుంటోంది, స్పీకర్‌లో ఎవడో సంబరంగా కేకలు పెడుతున్నాడు.

ప్రకటనలుంటాయని కూడా తోచని బుర్రను ఏమనాలి? పైగా పట్టుదల ఒకటి! కేబుల్ ఆయనకు ఫోన్ చేసి, వచ్చే ఆదివారం అదే సినిమా వేయించాడు. ఆ పై ఆదివారం కూడా. వీధంతా మూడు వారాలు ఒకే సినిమా చూసింది... తిట్లు మాత్రం మా అమ్మకు.

మూడోవారం ప్రకటన రాగానే పాట ఆపడం, అవగానే పెట్టడం... అయినా ఒక్కటీ కలవలేదు. సినిమా చివరికొచ్చాక అవ్వ మెల్లగా అంది.

"మీకు కండ్లున్నయిరా, సూస్తున్రు. నాకు ఇనుడే గద సిన్మా... అదిగూడ గుంజుకుంటిరి."

అన్న ముఖం మాడిపోయింది. నాకైతే ఏడుపొచ్చింది. మూడు వారాలూ రిమోట్ నొక్కింది నేనే కదా! గబగబా సౌండ్ పెట్టాను. సన్నాయి రెండు క్షణాలు మోగి ఆగిపోయింది.

"శుభం పడ్డదా బిడ్డా?"

"పడ్డదవ్వా."

అవ్వ గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లింది.

ఇప్పుడు అదే సినిమా ఫోన్‌లో ప్రకటనల్లేకుండా దొరుకుతుంది. "మల్లొకసారి జూద్దామానే?" అన్నాడు మొన్న అన్న. చెడామడా తిట్టి ఫోన్ పెట్టేశాను... ఎంతసేపు సౌండ్ తీసేసినా మమ్మల్ని అడిగే మనిషి ఇప్పుడు ఇంట్లో లేదు.

మీ ఇంట్లో ఆదివారం సినిమా ఎవరిదై ఉండేది? వాళ్ల గురించి కాస్త రాయండి...