జర్మన్ దొర కథలో మిగిలిన సగం

మొన్న బుధవారం పొద్దున కావలిలోని మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ, గంప వరండాలో దించీ దించకముందే నడుముకు దోపుకున్న ఫోను తీసి నా కళ్లజోడుకు ఆనేంత దగ్గరగా పెట్టింది. నీలపు తెర మీద పచ్చటి చుక్క ఒకటి మెల్లగా కదులుతోంది. అది ఆమె కొడుకు పడవట. ప్రభుత్వం వాళ్లు పడవకు ఓ పెట్టె బిగించారనీ, సముద్రంలో ఎంత లోపలికి పోయినా ఎక్కడున్నాడో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చనీ చెప్పి, "మీ జర్మన్ దొర ఇప్పుడు పుట్టుంటే తప్పిపొయ్యేవోడే కాదు సార్" అని నవ్వింది. ఆమె నా దగ్గర చదువుకున్నది చిన్నపిల్లగా ఉన్నప్పుడు. నేను బడిలో చెప్పిన కథలోని ఆ దొర పేరు ఆ రోజుల్లోనే ఎవరికీ నోరు తిరిగేది కాదు గాని, దొరను మాత్రం ఆమె మరిచిపోలేదు.

ప్రతి సాయంత్రం డైరీలో ముందు గాలి ఎటు వీచిందో, తర్వాత ఎవరొచ్చారో, చివరికి ఏం తిన్నానో అదే వరసలో రాయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు రెండో మాట దగ్గరే కలం ఆగిపోయింది. అందుకే ఇది విడిగా రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెం బడికి వేశారు. తాటాకు కప్పు, ఇసుక నేల, పక్కనే తడిక అడ్డంగా వంటపాక. మాది ప్రార్థనకూ పుస్తకానికీ అలవాటుపడిన క్రైస్తవ కుటుంబం, అందులో మా మేనమామకు పాత ఇంగ్లీషు పుస్తకాలంటే ప్రాణం. అట్ట ఊడిపోయిన వాటిలో ఒకదాంట్లోనే నేను ఆ దొర జీవితం చదివాను. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో ఒక పల్లెటూళ్లో పుట్టి, ఎన్నో శాస్త్రాలు చదివీ పట్టా పుచ్చుకోకుండానే, మొక్కల మీది పిచ్చితో ఓడెక్కి ఆస్ట్రేలియాకు చేరిన మనిషి. లోపల ఏముందో తెల్లవాళ్లెవరికీ తెలియని ఆ దేశంలో కొద్దిమందిని వెంటబెట్టుకుని నెలల తరబడి నడిచిన మనిషి.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లలను ఒడ్డు వెంట తిప్పి ఇసుకలో పాకే తీగలూ, రావణాసురుడి మీసాలనే గడ్డీ, అక్కడ సవక అని పిలిచే సరుగుడు కొమ్మలూ ఏరించి, వాటిని పాత పేపర్ల మధ్య పరిచి పైన బరువు పెట్టించేవాణ్ణి. దొర అడవుల్లో చేసిన పని ఇదేనని చెబుతూ ఆయన కథ వారానికి కాస్త చొప్పున సాగదీసేవాణ్ణి. బరువుకు రాళ్లు ఆ ఇసుకదిబ్బల్లో ఎక్కడ దొరుకుతాయి? బడిలో గోధుమరవ్వ ఉప్మా వండే అక్క తన రుబ్బురోలు పొత్రం ఇచ్చేది. ఇచ్చినందుకు బదులుగా అన్నట్టు, గిన్నెలు తోముకుంటూ తడిక అవతల నుంచి కథంతా వినేది.

ఆ అక్క పెనిమిటి అంతకు ముందు ఏడు తుపాను రోజుల్లో తెప్ప మీద వేటకు పోయి తిరిగి రాలేదు. మనిషీ రాలేదు, తెప్ప దుంగ ఒక్కటైనా ఒడ్డుకు కొట్టుకు రాలేదు. అక్క మాత్రం బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఈ చేపల ఆవిడ ఆమె కూతురే.

ఆ పాలెంలో ఒక ఆచారం ఉండేది. సముద్రంలో పోయినవాడికి కర్మ జరగకపోతే గంగమ్మకు కొలుపు చేయరు, కొలుపు చేయకుండా కొత్త వలలు నీళ్లలో వేయరు. శవం దొరక్కపోతే గడ్డితో బొమ్మ కట్టి, ఆ మనిషి చొక్కా తొడిగి, ఒడ్డున కాల్చాలి. కొలుపు రోజులు దగ్గరపడుతున్నాయి, బొమ్మ కాల్చడానికి అక్క ఒప్పుకోక పాలెమంతా ఆగి ఉంది. పెద్దలు మాట దురాయి వేస్తే, అంటే కట్టడి చేస్తే, దాటినవాళ్లకు వేటలో వాటా ఉండదు, పలకరించే మనిషి ఉండడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం నా కథ ఓ మలుపు దగ్గర ఆగింది. దొర గుర్రాలు ఏట్లో మునిగిపోవడం, మోయలేక ప్రాణంతో సమానంగా దాచుకున్న ఎండుమొక్కలను తన చేత్తోనే కాల్చి ఏడవడం, ఈలోగా పట్నంలో ఆయన చనిపోయాడనుకుని ఒకాయన చావుపాట కూడా కట్టేయడం, చివరికి ఒకనాడు దొర ఓడ దిగి నడిచి రావడం. అంతవరకు చెప్పేసరికి గంట కొట్టారు.

ఆదివారం ఆరాధన ముగించుకుని సైకిలు మీద తిరిగి వచ్చేసరికి, సవక తోపులో కూర్చున్న పెద్దలు నాకు కబురు పెట్టారు. గడ్డిబొమ్మ మాట ఎత్తగానే అక్క వాళ్లకు నా కథ అప్పజెప్పిందట.

"ఏమయ్యా అయివారూ, చచ్చినాడని పాటగట్టినాక దొర నడిచొచ్చినాడంట. నిజమేనా?" అన్నాడు పాలెం పెద్దాయన.

నిజమేనన్నాను.

"అయితే ఆ పాటగట్టినోడు మొగం యాడ బెట్టుకున్నాడో!"

"పాటకని తాగిన కల్లు కక్కించుంటారులే మామా" అన్నారెవరో. అందరూ నవ్వారు. సవక మానుకు ఆనుకుని నిలబడిన అక్క నవ్వలేదు. "నవ్వండి నాయనా. మా ఆయన ఒడ్డున దిగినరోజు మీకందరికీ నేనే ఉప్మా వండి పెడతా" అంది.

పెద్దాయన నవ్వు ఆపి నావైపు తిరిగాడు. "సరే, ఆ మీదట ఏమైనాడు దొర?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. దొర మళ్లీ బయల్దేరాడనీ, ఈసారి ఆ దేశాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు దాటుతానని పోయాడనీ, మనుషులు, పశువులు, సామాను ఏదీ తిరిగి రాలేదనీ, ఏళ్ల తరబడి వెతికినవాళ్లకు ఆయన పేరులోని అక్షరం చెక్కిన చెట్లు మాత్రం అక్కడక్కడా కనిపించాయనీ చెప్పాను. సవక తోపులో గాలి ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఆ చెట్ల జాతి కూడా ఆ దేశం వైపు నుంచి వచ్చిందేనని పిల్లలకు చెప్పడం అలవాటు, ఆ వేళ ఆ మాట నోటికి రాలేదు.

అక్క ఏడవలేదు. "ఆ దొరకి అమ్మ ఉండిందా అయివారూ?" అని మాత్రం అడిగింది.

"ఉండింది. సముద్రాలకవతల, జర్మనీలో."

"ఆమెకెవురు చెప్పినారు?"

"ఆ సంగతి పుస్తకంలో లేదక్కా."

అప్పటిదాకా తెప్ప దుంగ మీద కూర్చుని వక్కాకు నములుతున్న అక్క అత్తగారు నోట్లోది ఊసింది. ఆమె పెద్దల పక్షమేనని అంతా అనుకుంటున్నారు. "ఆ తల్లి సంగతి నాకు తెలవదు. నా మాట ఇనండి. గడ్డిబొమ్మ కట్టండి, కాల్చండి. నా కొడుకని కాల్చండి. దీని మొగుడని కాల్చబాకండి."

"అట్టెట్టా కుదురుద్దే ముసిల్దానా? ఇద్దురూ ఒకడే గదా!"

"నువ్వు కన్నావా? నువ్వు కట్టుకున్నావా? నీకేం తెలుసు!"

పెద్దలు చుట్టలు కాలేదాకా గుసగుసలాడుకుని, చివరికి సరేనన్నారు. తల్లి చేతిమీదుగా బొమ్మ కాలింది, తల్లే సముద్రంలో తలస్నానం చేసి వచ్చింది. అక్క ఇల్లు కదల్లేదు. కొలుపు జరిగింది, వలలు నీళ్లలో పడ్డాయి. అక్క మర్నాడు బొట్టుతోనే వచ్చి, ఎప్పటిలాగే ఉప్మా వండి, పొత్రం కడిగి నా బల్ల పక్కన పెట్టింది. చివరికి అమ్మ ఆ బొట్టుతోనే కన్నుమూసిందని మొన్న కూతురు చెప్పింది.

ఒక సంగతి నాకు ఇన్నేళ్లకు తట్టింది. ఆ వంటపాక గుమ్మం సముద్రం వైపే ఉండేది, అక్క మాత్రం ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టి కూర్చుని పొయ్యి ఊదేది. చూడకుండానే ఎదురుచూడటం ఆమెకు తెలుసు. మొన్న ఆమె కూతురు చేపలు కోస్తుండగా తెర మీద చుక్క ఆగిపోయింది. "సిగ్నల్ లే సార్" అంటూ కత్తిపీట వదిలేసి, ఫోను తలమీదికెత్తి వాకిట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగింది. పిల్లి రాకుండా గంప దగ్గర నేను కాపలా ఉన్నాను. చుక్క మళ్లీ కదిలాక గాని ఆమె కూర్చోలేదు.

ఆ పెట్టె మంచిదే. దానివల్ల ఎంతమంది ఇల్లు చేరుతున్నారో నాకు తెలుసు, ఆ పాతరోజులు మళ్లీ రావాలని నేను కోరను. కాకపోతే అప్పట్లో సముద్రం ఏమీ చెప్పకుండా ఊరుకునేది, ఆ చెప్పని మాటను ఏం చేసుకోవాలో మనుషులే ఓ చోట కూర్చుని తేల్చుకునేవాళ్లు. ఒక ముసలితల్లి ఒక్క చావును రెండుగా విడదీసి సగం తను మోసి, సగం కోడలికి ఆశగా మిగల్చడానికి ఆ మౌనంలో చోటుండేది.

డైరీ ఆ రాత్రి పూర్తిచేశాను. తూర్పుగాలి. పడవ ఒడ్డు చేరిందని చేపల ఆవిడ ఫోను చేసింది. సందువాయి చేపల పులుసు తిన్నాను. జర్మనీలోని ఆ తల్లికి ఎవరు చెప్పారో మాత్రం ఈ వయసుకు కూడా నాకు తెలియదు.