మా ప్రభ కొండకు వెళ్ళని ఏడాది

మొన్న సాయంత్రం పాలపాకెట్టు తెచ్చుకుని మా అపార్టుమెంటు మెట్లెక్కుతుంటే, రెండో అంతస్తు మలుపులో మా మనవరాలూ పక్కింటి పిల్లా బడి సంచులు వీపున ఉండగానే కూలబడి మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ ఏడో తరగతి. వచ్చే ఏడాది నుంచి ఫౌండేషన్ క్లాసులట, చీకటి పడేదాకా స్టడీ అవర్లట, తొమ్మిదిలో గేమ్సు పీరియడు తీసేస్తారట, పది అవగానే హాస్టలట. ముసలివాళ్ళు తమ రోగాలు చెప్పుకున్నట్టు ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటున్నారు. చివరికి మా మనవరాలు, "నాకు పదమూడు రాకుండా ఇక్కడే ఆగిపోతే బాగుండునే" అంది. పక్కింటి పిల్ల నవ్వలేదు. నేను వాళ్ళను దాటుకుని వచ్చేశాను గానీ, ఆ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా పెదనాన్న కొడుకు నోట ఇంచుమించు అదే మాట విన్నాను.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. డాబా ఎక్కితే కోటప్పకొండ కనిపించేది. శివరాత్రి తిరునాళ్ళకు మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వెదురు చట్రాలకు రంగు గుడ్డలూ కాయితాలూ కట్టి, ఆకాశమంత ఎత్తున ప్రభలు నిలబెట్టి కొండకు తీసుకెళతారు కదా, ఆ పెద్ద ప్రభల వెనకాల ఎడ్లబండ్ల మీద పిల్లల ప్రభలు కూడా కొన్ని వెళ్ళేవి. మా ఇంటి ప్రభకు మేస్త్రీ మా అన్న, అంటే ఆ పెదనాన్న కొడుకే. నేను వాడికంటే రెండేళ్ళు చిన్న. బద్దలు చీల్చడం వాడి పని, కాయితాలు కత్తిరించడం నా పని, మైదాపిండి ఉడకేసి జిగురు చెయ్యడం మా నాయనమ్మ పని. ఒక ఏడు ఆరబెట్టిన రంగుకాయితాలన్నీ మేక తినేస్తే, నాయనమ్మ తన పాత జరీ చీర చింపి ఇచ్చింది. ఆ ఏడు మా ప్రభంత అందమైనది తిరునాళ్ళలో ఇంకొకటి లేదని మేమిద్దరం చాలాకాలం నమ్మాం.

అన్న బడిలో ఎప్పుడూ ఫస్టు. ఫస్టు వచ్చేవాడికి భయమెందుకని అందరూ అనుకునేవారు గానీ, వాడి భయమంతా అక్కడే ఉండేది. ఏడో తరగతిలో ఉన్నప్పుడు, తిరునాళ్ళకు కొద్దిరోజుల ముందు, గొడ్లచావిట్లో బద్దలు చీలుస్తూ ఉన్నట్టుండి కత్తి పక్కన పెట్టాడు.

"వచ్చే ఏడు ఎనిమిది. ఆ పైన తొమ్మిది, పది. తర్వాత పేటలో ఇంటరంట. ఇక మనం ఇట్టా కూర్చునేదెప్పుడే?"

"తిరునాళ్ళకు వస్తావుగా అన్నా."

"తిరునాళ్ళు పరీక్షల ముందే వస్తాయిగా. ఎవరు రానిస్తారు? పెద్దోణ్ణి కాకుండా ఇట్టాగే ఉండిపోతే ఎంత బాగుంటదో."

నా దిగులు నాకుంది. పెద్దమనిషినయ్యానంటే ఇక బండెక్కనివ్వనని అమ్మ అప్పటికే చెప్పింది. ఆ సంగతి అన్నకు చెప్పుకోవడానికి సిగ్గేసి, కత్తెర తీసుకుని కాయితాలు కత్తిరించడం మొదలుపెట్టాను. ఆ వయసులో మాకు దెయ్యాల భయం లేదు, చీకటి భయం లేదు. ఉన్నదల్లా ఒకటే, రేపు ఎల్లుండి అంటూ మీదికి వచ్చేస్తున్న మా సొంత వయసు.

అనుకున్నది ఇంటర్ దాకా కూడా ఆగలేదు. వేసవి సెలవులు అయ్యీ కాకముందే పెదనాన్న అన్నను పేటలో ఒక లెక్కల మాస్టారి దగ్గర పెట్టాలని తీర్మానించాడు. ఆ మాస్టారు పదిమంది పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకుని చదివించేవారు. పెదనాన్న చెడ్డవాడని మీరు అనుకోకండి. వాన పడితే పంట, లేకుంటే మంట అన్నట్టుండే మెట్టచేలో మిరపతోట మీద మిరపతోట ఎండబెట్టుకున్న మనిషి. "ఆ రాళ్ళచేలో నాకు పట్టిన గతి నీకొద్దురా అయ్యా" అని మాత్రం అన్నాడు. ఆ గొంతు విని అన్న ఎదురు చెప్పలేకపోయాడు. రేకుపెట్టె బండిలో పెట్టాక నా దగ్గరికొచ్చి, "ప్రభ మాత్రం మానబాకండే. ఎట్టాగైనా వస్తా, కొండ కింద మిమ్మల్ని కలుసుకుంటా" అన్నాడు.

ఆ చలికాలంలోనే నేను పెద్దమనిషినయ్యాను. సమర్త బంతి చేశారు, ఓణీ వేశారు, నువ్వుల చిమ్మిలి తినిపించారు. అన్న ఏడని నేను అడిగితే, చదువుకునే మగపిల్లాడికి ఇట్టాంటివి కబురు పెడతారా అని అమ్మ కసిరింది. శివరాత్రి దగ్గరికి రాగానే నేను చావిట్లోకి వెళ్ళి బద్దలు బయటికి తీశాను. అమ్మ చూసి, "ఏందే నీ ఆట? ఓణీ వేసుకుని బండెక్కుతావా?" అని వాటిని లాగేసుకుంది. మా తమ్ముడు మరీ చిన్నవాడు, వాడికి చట్రం కట్టడం రాదు. ఆ బద్దలు చివరికి నాయనమ్మ చిక్కుడు పందిరికి పనికొచ్చాయి. తిరునాళ్ళ రోజు నేను డాబా మీద నిలబడి, మా ఊరి పెద్ద ప్రభ ఊగుకుంటూ పొలిమేర దాటిపోయేదాకా చూశాను. కొండ అక్కడే ఉంది. నేనే వెళ్ళలేకపోయాను.

అదే రోజు తెల్లవారుతుండగా అన్న మాస్టారింట్లో ఎవరికీ చెప్పకుండా బయలుదేరి, పేట నుంచి కొండ దాకా నడిచాడు. మాస్టారు కబురంపితే పెదనాన్న పరుగున వెళ్ళాడు. ఆ జనంలో ఎక్కడ వెతకాలో తెలియక తిరిగి తిరిగి, పొద్దు వాలే వేళకు పిల్లల ప్రభలు ఆపుకునే చోట వాణ్ణి కనిపెట్టాడు. అన్న పొద్దున్నించీ ఒక్కో చిన్న ప్రభ దగ్గరికీ వెళ్ళి మా ఊరిదేనా అని అడిగాడట. అన్నం తినలేదు, చెప్పులు ఎక్కడో తెగిపోయాయి.

మర్నాడు పెదనాన్న మా ఇంటికొచ్చి నాయనమ్మ దగ్గర కూర్చుని చెబుతుంటే తలుపు చాటున విన్నాను. "కొట్టలేదమ్మా. చెయ్యి రాలేదు. ఈసారి అడిగి రారా, నేనే తీసుకెళతానని చెప్పా. వాడు ఏడవలేదు. తలొంచుకుని బస్సెక్కాడు." ఆ తర్వాత రెండు మూడేళ్ళు, శివరాత్రి వస్తోందనగా పెదనాన్న పేట వెళ్ళి ఏదో పని ఉన్నట్టు మాస్టారింటి అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేవాడు. అన్న అడగలేదు.

చదువు మాత్రం అందరూ కోరుకున్నట్టే వచ్చింది. ఇంజినీరయ్యాడు, కరెంటు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేశాడు, మెట్టచేను అవసరం లేకుండా పెదనాన్నను కడదాకా బాగా చూసుకున్నాడు. ఎవరితోనూ పొల్లుమాట లేదు. అయితే నాతో గొడ్లచావిట్లో కూర్చుని గలగలా మాట్లాడిన పిల్లవాడు మళ్ళీ నాకు కనిపించలేదు. పండక్కో పబ్బానికో కలిస్తే, ఆరోగ్యం ఎట్టా ఉంది, పిల్లలేం చదువుతున్నారు, అంతే.

పెదనాన్న పెదకర్మ రోజున, భోజనాలయ్యాక, ఇద్దరం ఖాళీ షామియానా కింద మిగిలాం. ఏమనిపించిందో, నేనే అడిగాను.

"అన్నా, ఆ ఏడు కొండకు ఎందుకెళ్ళావు?"

"మీరుంటారనుకున్నానే" అన్నాడు. "నేను లేకపోయేసరికి మీరూ మానేశారనుకున్నా. నేనొక్కణ్ణే ఇంకా చిన్నపిల్లాడిలా పట్టుకు వేలాడుతున్నానని సిగ్గేసింది. అందుకే ఇక అడగలా."

"నేను మానలేదన్నా. ఆ ఏడే పెద్దమనిషినయ్యా. అమ్మ రానియ్యలా."

అన్న నా ముఖంలోకి చూశాడు. అరవై దగ్గరపడిన మనిషి, అప్పుడే పోయిన తండ్రికి గుండు చేయించుకున్న మనిషి. "నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. ఆ మాట రెండోసారి అనబోయి, కండువాతో ముఖం తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోయాడు. నిరుడు గుండెపోటుతో పోయాడు. ఆ సంగతి మేము మళ్ళీ మాట్లాడుకోలేదు.

మీలో చాలామందికి ఇలాంటి అన్నో అక్కో ఉండే ఉంటారు. మా కాలంలో ఊరికొక పిల్లవాడు అట్లా నలిగేవాడు, మిగతావాళ్ళం వాడిని చూసి జాలిపడేవాళ్ళం. ఇప్పుడు ఇంటింటా ఉన్నారు గనుక ఎవరిమీదా ఎవరికీ జాలి లేదు. అప్పుడు కనీసం తలుపు గొళ్ళెం తీసుకుని బయటపడితే నడిచి వెళ్ళేందుకు ఒక కొండ ఉండేది, అక్కడ తనవాళ్ళుంటారన్న ఆశ ఉండేది. వాళ్ళు లేకపోవడం వేరే సంగతి. ఈ కాలపు పిల్లల హాస్టళ్ళకు ఎత్తు గోడలూ కాపలావాళ్ళూ ఉన్నారు. అవి దాటి బయటికొచ్చినా, ఏ వైపుకు నడవాలో ఆ పిల్లలకు మనం చూపించనే లేదు.