పులిపిర్ల మీద బ్లీచింగ్ నీళ్ళు

లాండ్రీలో అందరూ ఆమెను తెల్లక్క అనేవాళ్ళు. మనిషి నలుపే. ఆసుపత్రుల నుంచీ లాడ్జీల నుంచీ వచ్చే దుప్పట్ల మీద ఎంత మొండి మరకైనా ఆమె చేతిలో పడితే బతికి బట్టకట్టేది కాదు, అందుకని ఆ పేరు. "మా అక్క తన ఒళ్ళు తప్ప అన్నీ తెల్లబరుస్తుంది" అని మడతల బల్ల దగ్గర ఆడవాళ్ళు ఆటపట్టిస్తే, "ఉండండి, మీ నోళ్ళు కూడా నానబెడతాను" అనేది. ఆమె పోయింది గానీ, ఆ మాట ఆ బల్ల దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది.

మొదటి భర్త పోయిన కొన్నేళ్ళకు, అక్కడే ఇస్త్రీ చేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయన్ను పెట్టె బావ అనేవాళ్ళు. మాట తక్కువ, అలక ఎక్కువ. ఒక కాలరు సరిగ్గా కూర్చోకపోతే ఆ పూట అన్నం కూడా ముట్టడు.

కాపురం ఇంకా కుదురుకుంటూ ఉండగానే, ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి తగిలాయి. మర్మస్థానం దగ్గర చిన్న చిన్న పులిపిర్లు. నొప్పి లేదు. అవే పోతాయిలే అనుకుంది. పోకపోగా గుంపు కట్టి, కాలీఫ్లవర్ ముక్కలా ముద్దయ్యాయి. ఏ రోగిష్టి దుప్పట్లోంచో అంటుకుందని నిశ్చయానికి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా చేతికి తొడగని రబ్బరు తొడుగులు తొడిగింది. నడుం నొప్పని పక్క వేరు చేసింది. మొగుడి చొక్కాలు వేరే బకెట్లో ఉతికింది. చివరికి తనకు తెలిసిన వైద్యమే చేసుకుంది. బ్లీచింగ్ నీళ్ళు పలచగా కలిపి, దూదితో అద్దుకుంది.

పులిపిర్లు పోలేదు. చర్మం పోయింది.

"ఏంటక్కా, బాతులా నడుస్తున్నావ్?" అంది మడతల బల్ల దగ్గర ఒకావిడ.

"జారిపడ్డాను."

"ఎక్కడ?"

"నీ నోట్లో. పని చూసుకో."

మొగుడు మాత్రం నవ్వులాటతో ఊరుకోలేదు. "నడుం నొప్పికి నా చొక్కాలేం చేశాయే?" అన్నాడు. ఆ వెంటనే, "పాతాయన గుర్తొస్తున్నాడేమోలే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. బల్ల మీద పడుకుని పైకప్పు పెచ్చులే చూస్తూ ఉండిపోయింది.

"ఏం రాశారమ్మా దీనికి?"

చెప్పింది.

"దుప్పట్లకి రాసేది ఒంటికి రాసుకుంటారా తల్లీ!" డాక్టరు లైటు దగ్గరికి లాగి చూసింది. "ఇవి హెచ్‌పీవీ అనే వైరస్‌తో వచ్చే పులిపిర్లు. చూస్తేనే తెలిసిపోతాయి. దుప్పట్లతో వచ్చేవి కావు. భార్యాభర్తలు కలిసినప్పుడు చర్మానికి చర్మం తగిలి అంటుకుంటాయి."

"క్యాన్సరా అమ్మా?"

"పులిపిర్లు తెచ్చే రకాలు మామూలుగా క్యాన్సర్ తేవు. కానీ తెచ్చే రకాలు వేరే ఉన్నాయి. మీ వయసుకి గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఎలాగూ చేయించుకోవాలి, అదీ చేసేద్దాం. ముందు ఈ పుండు మానాలి. తర్వాత చలిమందుతో గడ్డకట్టించి రాలగొడతాను. నాలుగైదుసార్లు తిరగాల్సి రావొచ్చు. పోయినవి మళ్ళీ రావొచ్చు కూడా, కంగారుపడొద్దు."

"నాకిది రెండో పెళ్ళి. ఎవరి నుంచి వచ్చిందమ్మా?"

"ఎవరూ చెప్పలేరు. ఏళ్ళ తరబడి ఒంట్లో చడీచప్పుడు లేకుండా ఉంటుంది. మొదటాయనో, ఈయనో. ఈయన్ని కూడా ఒకసారి తీసుకురండి."

దుప్పట్ల వల్లనే అని ఉంటే ఎంత బాగుండేది అనిపించింది ఆమెకు. దుప్పట్ల మీద ఎవరూ అనుమానపడరు. దుప్పట్లను వదిలేసి ఎవరూ వెళ్ళిపోరు.

ఇంట్లో చెబితే తలుపు ధడాల్న వేసుకుని పోతాడని, అందరూ భోజనాలకు లేచాక ఇస్త్రీ బల్ల దగ్గరే చెప్పింది. డాక్టరు చెప్పిన ముక్కలన్నీ, వరస తప్పినా, ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆయన చేతిలో పెట్టె ఆగిపోయింది. కమురు వాసన వచ్చింది. ఏనాడూ గుడ్డ మాడ్చి ఎరగడు. ఆమే పెట్టె లాగి పక్కన పెట్టింది.

"పాతాయన దగ్గర్నుంచా?"

"తెలీదు."

"నా దగ్గర్నుంచా?"

"అదీ తెలీదు."

ఆయన మాడిన దుప్పటి వంకే చూస్తున్నాడు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడు, అంతే అనుకుంది.

"అయితే పక్క వేరు చేసింది..."

"నీకు అంటుకుంటుందని. ఇంకెందుకు?"

ఆయన మాడిన మచ్చ మీద వేలితో రుద్దాడు. "నేనంటే రోత పుట్టిందేమో అనుకున్నానే."

పుండు మానాక ఇద్దరూ వెళ్ళారు. ముందు ఆమెకు చలిమందు పెట్టారు. చురుక్కుమని మండింది. మొదటిసారి చేసిన ముఖద్వారం పరీక్ష ఫలితం ఇంకా రాలేదన్నారు. బయటికొచ్చి చూస్తే, ఆయన ఆడవాళ్ళ మధ్య మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని ముడుచుకు కూర్చున్నాడు.

"నొప్పి పుడుతుందా?" అన్నాడు చెవిలో.

"ముందు చూడనీ. ఉన్నాయో లేవో."

"నన్నూ ఆవిడేనా చూసేది?"

"కాదులే. పక్క గదిలో మగ డాక్టరున్నాడు."

ఆయన్ని పిలిచారు. లేవలేదు. మళ్ళీ పిలిచారు.

"నువ్వూ రావే," అన్నాడు.

మంట ఇంకా తగ్గలేదు. అయినా ఆమె గోడ పట్టుకుని, ఆయనతో పాటు లోపలికి నడిచింది.