వ్యతిరేక పదాలు చెప్పిన గోడ

బడికి పోకుండా ఇంట్లోనే చదువుకున్న ఆ కాలంలో, చదువంటే గట్టిగా అరవడమే అనుకునేదాన్ని. ధర్మవరంలో మా ముందుగది నిండా నాయన గుంటమగ్గమే. దాని చప్పుడులో మాట వినబడాలంటే గొంతు చించుకోవాల్సిందే. అమ్మ ఒడిలో పుస్తకం పెట్టుకుని, పట్టు కండెలు చుడుతూ ఒక ఇంగ్లీషు మాట అరిచేది. నేను దాని వ్యతిరేక పదం అరిచేదాన్ని. (ఏడాది పాటు వీధి ఒక్క మాట అనలేదు. ఆ ఓర్పుకు ఇప్పటికీ దండం పెడతాను.) పెనుకొండలో ప్రైవేటుగా రాసిన పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే పోయింది. మళ్లీ పోతే పుస్తకాలు కట్టిపెట్టి రెండో మగ్గం మీద కూర్చోవాలని నాయన తేల్చేశాడు.

పరీక్ష వారం ఉందనగా అమావాస్య వచ్చింది. ఆ రోజు మా వీధిలో ఎవరూ మగ్గం తొక్కరు. అమ్మానాయనలు హిందూపురంలో బంధువుల ఇంటికి పోయారు. మిట్టమధ్యాహ్నం, ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా, అలవాటు కొద్దీ అరిచాను: "అలైవ్". జవాబుకు నోరు తెరవకముందే గోడవార మగ్గం గుంటలోంచి సన్నగా వినిపించింది, "డెడ్".

ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని జీవితమంతా నేసిన మా అవ్వ పోయి అప్పటికి రెండు నెలలు. మగ్గం మీద ఒక్క పోగూ కదలడం లేదు. గుంటలోకి వంగి "అరైవల్" అన్నాను. "డిపార్చర్" అంది గుంట. (అవ్వకు వేలిముద్ర తప్ప సంతకం రాదు. పైలోకంలో ఇంగ్లీషు ఎవరు నేర్పారన్న అనుమానం నాకు రానే లేదు.) దేవుడి పటం ముందు దీపం వెలిగించి, అవ్వను నెమ్మదిగా తీసుకుపొమ్మని వేడుకున్నాను. అంతలో పరీక్ష గుర్తొచ్చింది. ఒక్క పావుగంట ఉంచమని మొక్కు సవరించుకుని, నాకు రాని మాటలున్న పేజీ తీసి గుంట దగ్గర కూర్చున్నాను.

"అవ్వా, వర్చ్యూకు ఏమవ్వా?"

గుంటలోంచి చిన్న దగ్గు.

"అది నువ్వు ఎప్పుడూ చెప్పలేదు గదమ్మే. నాకెట్ల తెలుస్తాది?"

గోడ అవతల పక్కింటి కొత్త కోడలు. గుడిబండ నుంచి కాపురానికి వచ్చి ఏడాదైనా, అత్త ఎదుట ఆమె గొంతెత్తగా మేమెవరమూ వినలేదు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. రోజంతా కండెలు చుడుతూ ఆమె దానికి ఆనుకునే కూర్చునేదట. అక్షరం చూడకుండానే మా పుస్తకం సగం నోటికొచ్చేసింది. ఆ రోజు అత్త గుడికి పోవడంతో ధైర్యం చేసిందట. "భయపడితివా?" అని అడిగింది. లేదన్నాను. నా వెనక దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ వారమంతా గోడకు నేను కొత్త మాటలు నేర్పాను. గోడ నన్ను మరిచిపోనివ్వలేదు. పెనుకొండ పరీక్ష హాల్లో మాటమాటకూ నేను గోడవైపు చెవి పెట్టడం చూసి, కాపలా ఉన్న మేష్టారు ఆ గోడను రెండుసార్లు తడిమి చూసుకున్నారు.

ఫలితాలు వచ్చిన రోజు, నాయన మగ్గం ఆపకముందే, గోడకు నోరు ఆనించి అరిచాను: "పాస్".

"ఫెయిల్" అంది గోడ, క్షణం ఆలస్యం లేకుండా.

ఆపైన అవతల ఒక నవ్వు. అత్త ఉన్న ఇంట్లో, మగ్గం చప్పుడును మించిన నవ్వు. నేను మాత్రం మార్కుల కాగితం చేతిలో పెట్టుకునే, గోడ మాట నమ్మి కాసేపు ఏడ్చాను. హిందూపురంలో ఇప్పుడు మా పిల్లల పుస్తకాల ముందు కూర్చున్నప్పుడు ఆ తెలివి తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆ వెంటే, పక్కింటికి అలాంటి మనిషిని పంపిన దేవుడికి చేతులు జోడించాలనిపిస్తుంది.