బర్రెల కొట్టంలో ఎర్ర కారు

నా చిన్నప్పుడు మా బర్రెల కొట్టంలో బర్రెలు లేవు, ఒక ఎర్ర కారు ఉండేది. ఇద్దరే కూర్చునే కారు. ముక్కు పొడుగ్గా, నేలకు ఆనుకున్నట్టు పొట్టిగా ఉండేది. పైకప్పు గొడుగులాగ వెనక్కి ముడుచుకునేది. కొడకండ్ల దిక్కున్న మా ఊరికి అప్పట్లో వచ్చే బండ్లంటే ఎర్రబస్సు, ట్రాక్టర్లు, ఎప్పుడన్నా ఒక జీపు. అందుకే ఆ కారును చూడడానికి పక్క ఊర్ల నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. చుట్టూ తిరిగి, వంగి లోపలికి చూసి, చివరికి అందరూ ఒకటే అడిగేవాళ్ళు, ఇది నడుస్తదా అని. మా బాపు తువ్వాలతో బానెట్ తుడుస్తూ నిలబడేవాడు.

బాపు భూపాలపల్లిలో డ్రైవరుగా చేసేవాడు. బొగ్గు బావుల పని మీద వచ్చిన ఒక విదేశీ ఇంజనీరుకు జీపు నడిపేవాడు. ఆ ఇంజనీరుకు తన పాత స్పోర్ట్స్ కారంటే ఎంత ఇష్టమంటే, దాన్ని ఓడ మీద ఇక్కడికి తెప్పించుకున్నాడు. ఆయన పని ముగించుకొని వెళ్ళే నాటికి కారు సరిగా నడవడం మానేసింది. నా తర్వాత దాన్ని ప్రేమగా తుడిచింది నువ్వే కాబట్టి నీ దగ్గరే ఉండనీ అని, కాగితాలు రాసి బాపుకు ఇచ్చి వెళ్ళిపోయాడట. బాపు దాన్ని లారీ మీద ఎక్కించి ఊరికి తెచ్చాడు. ఆ ఇంజనీరు దొర పోవడంతో ఉద్యోగమూ పోయింది. కారు దించిన రోజు ఎంత సంబరపడ్డాడో, తర్వాత అంత కుంగిపోయాడు. వాకిట్లో మంచం మీద పడుకొని, పొద్దంతా చూరు వంక చూసేవాడు. మళ్ళీ ఆయన్ను మంచం మీద నుంచి లేపింది కూడా ఆ కారే. ఒకనాడు పొద్దున్నే లేచి, కొట్టం ఊడ్చి, పానాలన్నీ గోనెసంచి మీద వరుసగా పరిచి, బానెట్ ఎత్తాడు.

కారుకు వచ్చిన జబ్బు చెప్పడానికి చిన్నదే. స్టార్ట్ అయ్యేది, కానీ ఇంజను మిస్సింగ్ కొట్టేది. చలిజ్వరం వచ్చిన మనిషిలాగ కారంతా వణికేది. కాస్త ఎత్తు వస్తే దగ్గి దగ్గి ఆగిపోయేది. జనగామ నుంచి వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, కార్బొరేటర్ కోసం అటూ ఇటూ వెతికి, అది లేని బండిని తానెప్పుడూ చూడలేదని నవ్వుకుంటూ చాయ్ తాగి వెళ్ళాడు. దీంట్లో కార్బొరేటర్ ఉండదని బాపు నాకు చెప్పేవాడు. దాని బదులు నాలుగు చిన్న గొట్టాలుంటాయి, వాటిని ఇంజెక్టర్లంటారు. కరెంటు తగిలినప్పుడల్లా ఒక్కొక్కటి నోరు తెరిచి, పెట్రోలును సన్నటి తుంపరలాగ ఇంజనులోకి చిమ్మి, మళ్ళీ నోరు మూసుకుంటుంది. ఈ సంగతి ఇంజనీరు చెబితే విన్నాడు గాని, బాపు ఆ గొట్టాలను మాత్రం ముట్టుకునేవాడు కాదు. అవి పాడైతే మన దేశంలో దొరకవని భయం. అందుకని తనకు తెలిసినవే మళ్ళీ మళ్ళీ విప్పేవాడు. ప్లగ్గులు మార్చాడు. గట్టిపడ్డ పెట్రోలు పైపులు తీసేసి, హైదరాబాదు నుంచి కొత్తవి తెప్పించి వేశాడు. ట్యాంకీ దించి కడిగాడు. పెట్రోలు పోసేటప్పుడు అమ్మ పాత చీర ముక్క నాలుగు మడతలు పెట్టి వడపోసేవాడు. కొట్టం దగ్గరికి బీడీతో ఎవర్నీ రానిచ్చేవాడు కాదు, సర్పంచి కూడా చుట్ట బయట పారేసి రావాల్సిందే. ఎంత చేసినా కారు వణుకు తగ్గలేదు.

మా అమ్మ ఊరి సర్కారు దవాఖానలో నర్సు. అందరూ నర్సమ్మ అనేవాళ్ళు. మందుల సంచి భుజానికి వేసుకొని, చుట్టుపక్కల లంబాడా తండాలన్నీ కాలినడకన తిరిగేది. ఆమె కొట్టం వైపు వచ్చేది కాదు. మాట్లాడేటప్పుడు కూడా కారు అనేది కాదు, 'అది' అన్నట్టు 'గది' అనేది. ఆమెకు అదంటే గిట్టదనే నేనూ బాపూ అనుకునేవాళ్ళం.

అమ్మకు ఒక అలవాటు ఉండేది. జబ్బు చేసిన పిల్లల్నే కాదు, బాగున్న పిల్లల్ని కూడా ఒళ్ళో కూర్చోబెట్టుకొని స్టెతస్కోపు పెట్టి వినేది. ఆడుకుంటున్న పిల్లను పట్టుకొచ్చి మరీ వినేది. ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, మంచిగున్న పిల్లకు గిదేంది నర్సమ్మా అని. అమ్మ కూడా నవ్వేది గాని వినడం ఆపేది కాదు. అందులో ఏముందో నాకూ అప్పటికి తెలియదు.

మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజులవి. బస్తాలు ఇంటికి వస్తే పెట్టడానికి ఆ కొట్టం తప్ప వేరే చోటు లేదు. ఒక శనివారం అన్నం తింటూ, కంచంలోంచి తల ఎత్తకుండానే, సోమవారం పాత ఇనుము కొనేటాయన బండి తీసుకొని వస్తాడని బాపు చెప్పాడు. ఎవరూ ఆయన్ను అలా చేయమనలేదు. నేను అమ్మ వైపు చూశాను, సంతోషపడుతుందేమోనని. అమ్మ అన్నం కలపడం ఆపేసి బాపునే చూస్తూ కూర్చుంది. ఆ రోజు బాపు మళ్ళీ మంచం మీదికి వెళ్ళి చూరు వంక చూస్తూ పడుకున్నాడు.

మర్నాడు ఆదివారం. ప్రార్థన అయిపోయి చర్చి నుంచి రాగానే, అమ్మ మంచి చీర మార్చుకోకుండానే బీరువాలోంచి స్టెతస్కోపు తీసి మెడలో వేసుకుంది. గాజులు తీసి నా చేతికిచ్చింది. కొంగు నడుముకు బిగించి నేరుగా కొట్టంలోకి నడిచింది. బాపు మంచం మీద నుంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే వచ్చాడు.

స్టార్ట్ చేయమని అడిగింది. ఎందుకని బాపు అడిగాడు. అమ్మ చెప్పిన మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"గది పోతే నువ్వు మల్ల మంచం పడ్తవు. నాకు దానితోని పనిలేదు, నీతోని ఉన్నది. స్టార్ట్ చెయ్."

బాపు వెళ్ళి సీట్లో కూర్చొని సెల్ఫ్ కొట్టాడు. కారు ఎప్పటిలాగే వణకడం మొదలుపెట్టింది. ఆ నాలుగు గొట్టాలు ఎక్కడున్నాయో చూపించమంది అమ్మ. బాపు దిగివచ్చి, తిరిగే ఫ్యాను దగ్గరికి చేయి పోనివ్వకుండా జాగ్రత్తలు చెబుతూ, ఒక్కొక్కటే వేలితో చూపించాడు. ఆమె చెవులకు స్టెతస్కోపు పెట్టుకొని, బిళ్ళను మొదటి ఇంజెక్టరుకు ఆనించి కళ్ళు మూసుకుంది. తర్వాత నన్ను పిలిచి నా చెవులకు పెట్టింది.

ఆ చప్పుడు విన్నప్పటి ఆనందం నేను సరిగా చెప్పలేను. బయట అంత రొద ఉందా, ఆ గొట్టంలో మాత్రం గడియారం లాంటి చిన్న చప్పుడు, టిక్ టిక్ టిక్ అని, ఎవరి గోలా పట్టనట్టు శుభ్రంగా కొట్టుకుంటోంది. నాకు నవ్వొచ్చింది. ఏదీ చెడిపోయింది, చెడిపోయినదాని మీద పెట్టు అని తొందరపెట్టాను. బాపు కూడా అదే తొందరలో ఉన్నాడు. అమ్మ మాత్రం కదలలేదు. అదే గొట్టాన్ని ఇంకాసేపు వినమంది. వింటూ ఆ లెక్కకు చేత్తో నా తొడ మీద కొట్టమంది. నేను కొట్టాను. చప్పుడుకూ నా చేతికీ తేడా లేకుండా కుదిరాక గాని పక్కదాని మీదికి పోనివ్వలేదు.

బాపు ఉండబట్టలేక, బాగున్నదాన్ని వింటూ కూర్చుంటే ఏమొస్తుందన్నాడు.

అమ్మ నా తల మీద చేయి వేసి, నాకే చెప్పింది. "జర ఆగు బిడ్డా. బాగున్నది ఎట్ల వినవడ్తదో తెల్వకుంటే, బాగలేనిది మన ముంగటనే ఉన్నా తెల్వది. తండల పిల్లలను నేను గందుకే వింట."

రెండోది కూడా మొదటి దానిలాగే కొట్టుకుంది. నా చేయి దానంతట అదే లేస్తూ పడుతూ ఉంది. అమ్మ బిళ్ళను మూడోదాని మీదికి జరిపింది. నా చేయి గాలిలోనే ఆగిపోయింది. ఎక్కడో దూరంగా, గోడ అవతలి నుంచి వచ్చినట్టు, పక్క గొట్టాల చప్పుడు లీలగా వినిపిస్తోంది తప్ప, ఇందులో ఏమీ లేదు. నేను అమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాను. ఆమె తన చెవులకు పెట్టుకొని విని, స్టెతస్కోపు బాపు చేతికిచ్చింది. బాపు విన్నాడు. మళ్ళీ రెండోదాని మీద పెట్టి విన్నాడు. మళ్ళీ మూడోది. నాలుగోదాని మీద కూడా పెట్టి చూశాడు, అది బాగానే ఉంది. ఇన్ని నెలలుగా తాను ముట్టడానికి భయపడ్డ గొట్టాల్లో ఒకటి నోరు మూసుకొని ఉందన్నమాట.

ఆయన ముఖం వాడిపోయింది. ఇంజెక్టరు పోతే దొరకదు కదా. అమ్మకు బండ్ల సంగతి తెలియదు, ఆమె వచ్చిన దారి అక్కడితో ఆగిపోయింది. కానీ అప్పటి నుంచి బాపు బుర్ర పరుగెత్తడం మొదలైంది. ఇంజను ఆపాడు. కొట్టంలో నాలుగు అడుగులు అటూ ఇటూ వేశాడు. గొట్టం పోయిందో, దానికి కరెంటు తెచ్చే వైరు పోయిందో ముందు తేల్చుకోవాలి అన్నాడు. రెండో గొట్టానికి పెట్టిన వైరు తీసి మూడోదానికి, మూడోదాని వైరు రెండోదానికి తగిలించాడు. మళ్ళీ సెల్ఫ్ కొట్టి, నన్ను వినమన్నాడు.

మూడో గొట్టం మీద బిళ్ళ పెట్టగానే నా చేయి లేచింది. టిక్ టిక్ టిక్. నేను అరిచిన అరుపుకు పక్కింటి అక్క పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. రెండోది ఇప్పుడు మూగగా ఉంది. అంటే గొట్టాలకు రోగం లేదు, వైరుకే ఉంది. బాపు ఆ వైరు చివరన ఉన్న రబ్బరు తొడుగు జరిపి చూశాడు. పైకి బాగానే ఉన్న తీగ లోపల పచ్చగా చిలుము పట్టి తెగిపోయి ఉంది. అంత వణుకుకూ కారణం అదే, వేలెడంత తీగ. ఆయన దాన్ని కత్తిరించి, బాగున్న తీగ దాకా ఒలిచి, కొత్త ముక్క కలిపి, ఊడకుండా కట్టి, తొడుగు వేశాడు. దేని వైరు దానికి తగిలించి సెల్ఫ్ కొట్టాడు.

కారు వణకలేదు. ముందు అది స్టార్ట్ కాలేదేమో అనుకున్నాను, అంత నెమ్మదిగా ఉంది. బాపు కాలు కొంచెం నొక్కగానే గొంతు విప్పింది. కొట్టం మీద కూర్చున్న పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. బాపు సీట్లో కూర్చొనే రెండు చేతులతో ముఖం కప్పుకొని నవ్వాడు. నవ్వాడో ఏడ్చాడో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మ మాత్రం నా దగ్గర గాజులు తీసుకొని వేసుకుంటూ, రేపు ఆ ఇనుపాయన వస్తే చాయ్ ఇచ్చి పంపమని చెప్పి వంటింట్లోకి పోయింది.

ఆ వారమే తండాలో పిల్లలకు సూదులేసే రోజు వచ్చింది. ఎప్పుడూ నడిచి వెళ్ళే అమ్మను బాపు కారులో ఎక్కమన్నాడు. పైకప్పు వెనక్కి ముడిచాడు. అమ్మ ఒళ్ళో మందుల డబ్బా, దాని మీద నేను, ఇట్లా కూర్చొని పోయినం. బాటలో రాయి కనబడిన చోటల్లా బాపు బండి ఆపి, దిగి, రాయి జరిపి, మళ్ళీ ఎక్కేవాడు. నడిచి వెళ్ళి ఉంటే ముందే చేరేవాళ్ళమని అమ్మ అంటూనే ఉంది, నవ్వుతూనే ఉంది. సూది అనగానే జొన్నచేలల్లో దాక్కునే పిల్లలు ఆ రోజు దుమ్ములో కారు వెంట పరుగెత్తుకుంటూ వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. సూది వేయించుకున్న వాళ్ళను ఒకసారి సీట్లో కూర్చోబెడతానని బాపు అన్నాడు. ఏడ్చుకుంటూ ఎక్కి, హారన్ కొట్టి, నవ్వుకుంటూ దిగారు. వేయించుకున్నవాడే ఒకడు ఇంకో చేయి చాపి మళ్ళీ వేయమని వచ్చాడు. తండా ఆడవాళ్ళు తమ భాషలో ఏదో అని పగలబడి నవ్వుతుంటే, అర్థం కాకపోయినా మేమూ నవ్వినం.

తర్వాత బాపు జనగామలో అద్దె కారు నడపడానికి కుదిరాడు. మిరపకాయల బస్తాలు ఆ ఏడు మా వంటింట్లోనే పెట్టుకున్నాం, దగ్గుతూ తుమ్ముతూ అన్నం తిన్నాం. ఇప్పుడు ఆ కారు చెల్పూర్‌లో కరెంటు ప్లాంటులో పనిచేసే, ఆ తర్వాత పుట్టిన మా తమ్ముడి దగ్గర ఉంది. ఫిల్టరు మార్చడం, పైపులు చూడడం, అన్నీ ఇంటి దగ్గరే వాడే చేసుకుంటాడు.

నేను టీచరునయ్యాను. మహబూబాబాద్‌లో చేస్తున్నాను, రిటైరవడానికి దగ్గరపడ్డాను. బడి తెరిచిన మొదటి వారాల్లో నేను పాఠాలు తక్కువ చెబుతాను. పిల్లలు ఆడుకుంటుంటే వరండాలో కూర్చుంటాను, ఎవరెట్లా అరుస్తారో, ఎవరెట్లా గొణుగుతారో, ఎవరు ఏ మాటకు నవ్వుతారో వింటాను. కొత్త టీచర్లకు అది పని ఎగ్గొట్టడంలాగ కనబడుతుందని నాకు తెలుసు.

మొన్న గంగారం దిక్కు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక పిల్లను పక్కకు పిలిచి కూర్చోబెట్టుకున్నాను. ఆ పిల్ల అందరితో పాటే రాస్తోంది, అందరితో పాటే తింటోంది. కాసేపటికి నా ఒళ్ళో తల పెట్టి, వాళ్ళ అవ్వకు బాగలేదని, ఇంటికి పోవాలని ఉందని చెప్పింది. ఆ సాయంత్రమే వాళ్ళ నాయినను పిలిపించి పంపాం. అవ్వ కోలుకుంది, పిల్ల తిరిగి వచ్చింది. మా బడికి కొత్తగా వచ్చిన చిన్న టీచరమ్మ ఆశ్చర్యపడుతూ నన్నడిగింది. "ఆ పిల్ల ఎవ్వలకు ఏం చెప్పలే గద మేడం. మీకెట్ల తెల్సింది?"

"మొన్నటిదాక దాని నవ్వు విన్న గద అమ్మా," అన్నాను.